ఏ కంపెనీ పికప్ ఎక్కువ కాలం వస్తుంది? ఒకే ఇంటి మూడు బండ్ల కేస్ స్టడీ

గుంటూరులో ఒక ట్రాన్స్‌పోర్టు కుటుంబానికి మూడు డీజిల్ పికప్‌లు ఉన్నాయి. మూడూ మూడు కంపెనీలవి. బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త నిబంధనలు) వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ తర్వాత, ఏడాదిన్నర వ్యవధిలో ఒకదాని వెనక ఒకటి కొన్నారు. 2025లో నాలుగోది కొందామనుకునేసరికి ఇంట్లో పేచీ మొదలైంది. కొడుకు ఒక కంపెనీ పేరు పట్టుకుని కూర్చున్నాడు, అల్లుడు ఇంకో కంపెనీ అంటాడు. పెద్దాయన ఇద్దరినీ వెంటబెట్టుకుని విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ షెడ్డుకు వచ్చారు.

"మేస్త్రీ, వీళ్లతో నావల్ల కావట్లేదు. ఏ బండి ఎక్కువ కాలం వస్తుందో నువ్వే తేల్చు."

మిర్చి సీజన్ అయిపోయింది కాబట్టి బండ్లు ఖాళీగానే ఉన్నాయి. మూడూ తీసుకురండి, గుంట మీద పెట్టి కింద నుంచి చూశాక మాట్లాడదాం అన్నాను.

ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఉంది. మామూలుగా మా దగ్గరికొచ్చే బండ్లను ఒకదానితో ఒకటి పోల్చలేం. ఒకాయన టైముకు ఆయిల్ మారుస్తాడు, ఇంకొకాయన ఎర్ర లైటు వెలిగే దాకా బానెట్ ఎత్తడు. ఒకే కంపెనీ బండి ఒకాయన చేతిలో నాలుగు లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది, ఇంకొకాయన చేతిలో లక్షన్నరకే ఇంజన్ దింపిస్తుంది. ఇక్కడ ఓనరు ఒక్కరే, సర్వీసు ఖర్చు ఒకే జేబులోంచి, బండ్ల వయసు దాదాపు సమానం. మారింది రెండే: కంపెనీ, చేసే పని. ఏ దెబ్బ దేనివల్ల తగిలిందో విడదీసి చూసే వీలు ఇంత బాగా ఎప్పుడో గానీ దొరకదు.

ఈ మూడు బండ్లూ ఏ కంపెనీవో చెప్పను. చెబితే చదివేవాళ్లలో సగం మంది "నేను ముందే అన్నానా" అని అక్కడే ఆపేస్తారు, మిగతా సగం మంది నాతో తగువు పెట్టుకుంటారు. చేసే పనిని బట్టి మిర్చి బండి, చేపల బండి, సిటీ బండి అని పిలుస్తాను.

బావా బావమరుదుల వాదన

బండ్లు వచ్చే లోపు వాదన విన్నాను. ఆటోనగర్ టీ కొట్ల దగ్గర రోజూ వినపడేదే. బొలెరో పికప్ వాడినవాళ్లు రెండున్నర లీటర్ల ఇంజన్ గురించి, ఏ పల్లెలో ఆగినా విప్పగలిగే మేస్త్రి దొరకడం గురించి చెబుతారు. టాటా వాళ్లు పాత 207 పికప్ కాలం నుంచి మొదలుపెట్టి 2017లో వచ్చిన యోధ దాకా వస్తారు. 2005లో రెండు సిలిండర్ల ఏస్ వచ్చి ఛోటా హాథీ అని పేరు తెచ్చుకున్న సంగతి మధ్యలో ఎవరో ఒకరు ఎత్తుతారు. దోస్త్ నడిపినవాళ్లు మైలేజీ గురించి మాట్లాడతారు. అది 2011లో అశోక్ లేలాండ్, నిస్సాన్ కలిసి తెచ్చిన బండి, మూడు సిలిండర్ల ఒకటిన్నర లీటరు ఇంజన్. ఇసుజు డి-మ్యాక్స్ అభిమానులు తక్కువే గానీ పట్టుదల ఎక్కువ. 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోందన్న గర్వం కూడా ఉంది.

అల్లుడు ఇంకో మెట్టు ఎక్కి అమెరికా వెళ్లాడు. అక్కడ ఒక టొయోటా టండ్రా పికప్ మొదటి ఇంజన్‌తోనే పది లక్షల మైళ్లు తిరిగితే 2016లో కంపెనీ దాన్ని తీసుకుని కొత్త బండి ఇచ్చింది, జపాన్ ఇంజన్ అంటే అదీ అన్నాడు. కొడుకు ఊరుకోలేదు. "బావా, నువ్వు కొనేది టండ్రానా? పదిహేడు వందల కిలోల మిర్చి బండికి అమెరికా కబుర్లెందుకు?"

అల్లుడు చెప్పింది నిజమే. కాకపోతే దాని వెనక సంగతి చెప్పలేదు. ఆ బండి చేసింది చమురు బావులకు సామాన్లు మోసే పని. రాష్ట్రాలు దాటి వందల మైళ్లు హైవే మీద ఒకే స్పీడులో పోవడం, టైముకు సర్వీసు. ఇంజన్ చల్లగా స్టార్ట్ అయ్యే సందర్భాలు తక్కువ, గేర్లు మార్చడం తక్కువ. డీజిల్ అయినా పెట్రోల్ అయినా ఇంజన్‌కు అంతకన్నా సుఖమైన బతుకు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. అదే 2016లో అదే కంపెనీ, అదే దేశంలో, టకోమా, టండ్రా బండ్ల ఛాసిస్‌లు (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రాలు) తుప్పు పట్టాయన్న కేసులో పెద్ద రాజీకి ఒప్పుకుంది. ఇంజన్ పది లక్షల మైళ్లు వచ్చే బండికి ఛాసిస్ ముందే పోవచ్చు. మంచు కరగడానికి అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తుప్పుకు అదొక ముఖ్య కారణం.

ఈ ఉప్పు సంగతి మనకు చేపల బండి దగ్గర పనికొస్తుంది.

చేపల బండి

మీటరు రెండు లక్షల అరవై వేలు దాటింది. మూడింటిలో ఎక్కువ తిరిగింది ఇదే. కైకలూరు వైపు చెరువుల నుంచి గుడివాడ మీదుగా విజయవాడ, గుంటూరు. రాత్రి పది తర్వాత లోడు, తెల్లారేసరికి మార్కెట్.

ముందు ఇంజన్ చూశాం. స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నలేదు. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) గేజి పెట్టి ఒక్కో సిలిండరూ చూస్తే రీడింగులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే నేను అనుమానపడతాను, ఇక్కడ అందులో సగం కూడా లేదు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) షాఫ్ట్‌లో ఆట లేదు. ఇంత తిరిగిన బండికి ఇంజన్ ఇలా ఉండటం చూసి కొడుకు మొహం వెలిగిపోయింది, ఎందుకంటే అతను పట్టుబట్టింది ఆ కంపెనీయే.

తర్వాత గుంటలోకి దిగి చిన్న సుత్తితో ఛాసిస్ కొట్టుకుంటూ వెళ్లాను. కుడి వైపు పట్టీ పొడవునా ఖంగుమంటోంది. ఎడమ వైపు క్యాబిన్ దాటి వెనక కమాన్ (లోడు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి శబ్దం పడిపోయింది, డబ్బుమని మూగగా వస్తోంది. ఇంకాస్త గట్టిగా కొడితే అరచేయంత తుప్పు పొర ఊడి నా భుజం మీద పడింది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే లోపలికి దిగింది.

కుడి వైపు బాగుండి ఎడమ వైపే ఎందుకు పోయింది? స్టీలు నాసిరకం అయితే రెండు వైపులా పోవాలి. తల ఎత్తి చూస్తే కారణం కనిపించింది. చేపల బాక్సులో కరిగిన ఐసు నీళ్లు బయటికి పోవడానికి ఒక పైపు ఉంటుంది. బాడీ కట్టినవాళ్లు దాన్ని ఎడమ వైపు పెట్టి, ఫ్లోరు దాటగానే కోసి వదిలేశారు. పైపు నోరు సరిగ్గా ఛాసిస్ నెత్తిన ఉంది. నాలుగున్నరేళ్లుగా ప్రతి రాత్రీ, కైకలూరులో లోడు ఎత్తినప్పటి నుంచి గుంటూరులో దించేదాకా, ఆ నీళ్లు బొట్టు బొట్టుగా అదే చోట పడ్డాయి. వారంలో కొన్ని రోజులు వేసేది రొయ్య. రొయ్యల చెరువు నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఛాసిస్‌లో మూసి ఉన్న పెట్టె భాగం లోపలికి ఆ నీళ్లు దిగి, అడుగున ఉన్న రంధ్రం బురదతో పూడుకుపోయి, బయటికి పోలేక అక్కడే నిలిచాయి. బయట పెయింటు బాగానే కనిపిస్తోంది. తుప్పు లోపల నుంచి వచ్చింది.

అక్కడే బ్రేకు పైపు కూడా పొరలు పొరలుగా లేచింది. ఇంకో ఆరు నెలలు అలాగే తిరిగి ఉంటే ఏం జరిగేదో చెప్పక్కర్లేదు.

"ప్యాచ్ వేసి వెల్డింగ్ కొట్టేయ్ మేస్త్రీ" అన్నారు పెద్దాయన. ఎవరైనా ముందు అనే మాట అదే. రేకు పలచబడిన చోట వెల్డింగ్ పట్టదు. పట్టినా ఆ వేడికి పక్కనున్న భాగం బలహీనపడి, కొన్నాళ్లకు ప్యాచ్ అంచున కొత్త పగులు వస్తుంది. అది కూడా వెనక కమాన్ కూర్చునే చోట, లోడు మొత్తం పడే చోట. పోనీ ఛాసిస్సే మార్చేద్దామంటే బండి నంబరు దాని మీదే కొట్టి ఉంటుంది. ఆర్టీఏ అనుమతి, కాగితాలు, కొత్త ఫ్రేము ఖరీదు, అన్ని పార్టులూ విప్పి మళ్లీ బిగించే కూలీ. ఐదేళ్ల బండికి గిట్టే లెక్క కాదు.

ఇంజన్ ఇంకో రెండు లక్షలు తిరిగేలా ఉంది. బండి మాత్రం అయిపోయింది. పైపు కింద అడుగున్నర రబ్బరు గొట్టం తగిలించి నీళ్లు నేల మీద పడేలా చేసి ఉంటే చాలు, దాని ఖరీదు రెండు వందలు ఉండదేమో.

వేరే కంపెనీ అయితే తట్టుకునేదా అని అల్లుడు అడిగాడు. పూత కాస్త మందంగా ఉంటే ఇంకో ఏడాది లాగేదేమో. ఉప్పు నీళ్లు రోజూ ఒకే చోట పడుతుంటే ఏ కంపెనీ ఛాసిస్ అయినా పదేళ్లు నిలబడుతుందని నేను నమ్మను.

మిర్చి బండి

సుమారు లక్షా తొంభై వేలు తిరిగింది. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల వైపు పల్లెల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి. జనవరి నుంచి మే దాకా ఊపిరాడదు, మిగతా నెలల్లో దొరికిన కిరాయి.

ఈ బండి వెనక కమాన్లు చూడగానే విషయం అర్థమైంది. ఒక్కో వైపు రెండేసి పట్టీలు అదనంగా వేశారు. "లోడుకి బండి కూర్చోకుండా" అన్నాడు డ్రైవరు. పట్టీ వేస్తే కమాన్ కూర్చోదు, నిజమే. కానీ గతుకులో పడ్డప్పుడు ఆ దెబ్బను వంగి తీసుకోవాల్సింది కమానే. అది వంగకపోతే దెబ్బ బ్రాకెట్‌కు, అక్కడి నుంచి ఛాసిస్‌కు వెళ్తుంది. కుడి వైపు ముందు బ్రాకెట్ పక్కన, రివెట్ దగ్గర మొదలైన పగులు వేలెడు పొడవు సాగి ఉంది. గ్రీజు, దుమ్ము తుడిచి డీజిల్ గుడ్డతో రుద్దితే గానీ కనపడలేదు.

ఎంత లోడు వేస్తున్నారని అడిగితే డ్రైవరు పెద్దాయన వైపు చూశాడు, పెద్దాయన పైకప్పు వైపు చూశారు. చివరికి అరవై టిక్కీలని (మిర్చి బస్తాలని) తేలింది. టిక్కీ 45 కిలోలనుకుంటే 2,700 కిలోలు. బండి పేలోడు (మోయాల్సిన సరుకు బరువు) 1,700. అంటే దాదాపు 1.6 రెట్లు.

వెల్డింగ్, రివెట్ లాంటి అతుకులున్న చోట లోహం అలసిపోయే లెక్క ఒకటుంది. ఒత్తిడి పెరిగితే ఆయుష్షు దాని ఘనం చొప్పున పడిపోతుంది. ఒత్తిడి 1.6 రెట్లయితే 1.6ని మూడుసార్లు గుణించాలి, దాదాపు 4. పదిహేనేళ్లు రావాల్సిన అతుకు నాలుగేళ్లకే పగులుతుంది. బండి సొంత బరువు కూడా కమాన్ల మీద ఉంటుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇంతే కాదు గానీ, ఈ పగులు వచ్చిన వయసు చూస్తే పెద్ద తేడా లేదు. కంపెనీకీ కంపెనీకీ ఛాసిస్ బలంలో తేడా ఉంటే పదీ ఇరవై శాతం ఉంటుందేమో, నాలుగు రెట్లు మాత్రం ఉండదు.

చట్టం మాట వేరే. ఓవర్‌లోడ్‌కు 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000 అని ఉంది. పెద్దాయనకు తెలుసు. పట్టుబడితే కట్టే ఖర్చు అనే లెక్కలోనే ఆయన వేసుకున్నారు. ఛాసిస్ ఖర్చు మాత్రం ఆ లెక్కలో లేదు.

ఇంజన్ విషయానికొస్తే, తిరగడం చేపల బండి కంటే డెబ్బై వేలు తక్కువ, అరుగుదల ఎక్కువ. రేడియేటర్ మూత తీస్తే లోపల తెల్లగా సున్నం పేరుకుని ఉంది. పల్నాడు బోరు నీళ్లు ఎంత చవుడో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. దారిలో వేడెక్కినప్పుడల్లా ఏ పొలం గట్టునో ఆపి బోరు నీళ్లు పోశారు. కూలెంట్ ఆనవాలు కూడా లేదు. రేడియేటర్ ముందు భాగంలో మిర్చి పొట్టు, దుమ్ము కలిసి అట్టలు కట్టింది. రెంటచింతల వైపు మే నెలలో 45 డిగ్రీల ఎండలో, ఒకటిన్నర రెట్లు లోడుతో, గాలి ఆడని రేడియేటర్‌తో ఇంజన్ వేడెక్కకుండా ఎలా ఉంటుంది?

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలని వాల్వు) కోసం హౌసింగ్ విప్పితే అది లేనే లేదు. ఎక్కడో రోడ్డు పక్కన ఎవరో తీసి పారేశారు. అది తీసేస్తే బండి చల్లగా ఉంటుందని చాలామంది మేస్త్రులే నమ్ముతారు. నిజంగా జరిగేది ఏమిటంటే చలికాలం తెల్లవారుజామున ఇంజన్ చాలాసేపు వేడెక్కదు, చల్లని ఇంజన్‌లో డీజిల్ సరిగా కాలదు, బోర్లు అరుగుతాయి. ఎండాకాలం వచ్చే సమస్యేమో సున్నం పట్టిన రేడియేటర్‌ది, దానికి థర్మోస్టాట్ తీయడం మందు కాదు. ఒక సిలిండర్ కంప్రెషన్ మిగతా వాటికంటే బాగా కిందికి ఉంది, హెడ్ గ్యాస్‌కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) చెమరుస్తోంది.

ఇది బాగుచేయగలిగిన బండి. హెడ్ దింపి ప్లెయిన్ చేయించాం, గ్యాస్‌కెట్ మార్చాం, కొత్త రేడియేటర్, థర్మోస్టాట్, డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కూలెంట్. అదనపు పట్టీలు తీసేశాం. పగులు చివర చిన్న రంధ్రం తొలిచి అది ఇంకా పాకకుండా ఆపి, లోపల వైపు ప్లేటు పెట్టి బోల్టులతో బిగించాం. ఛాసిస్ పైఅంచు, కిందిఅంచుల మీద అడ్డంగా వెల్డింగ్ కొట్టకూడదు. ఆటోనగర్‌లో రోజూ జరిగే పనే అయినా కొట్టకూడదు.

సిటీ బండి

తొంభై అయిదు వేల కిలోమీటర్లే. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సు నుంచి వన్‌టౌన్, గవర్నర్‌పేట, సింగ్‌నగర్ కిరాణా కొట్లకు సరుకు. కిలోమీటరుకో ఆగుడు. తక్కువ తిరిగింది కాబట్టి ఇదే బాగుంటుందని ముగ్గురూ అనుకున్నారు. పవర్ లేదు, మైలేజీ పడిపోయింది, డ్యాష్‌బోర్డులో లైటు ఆరడం లేదని మాత్రం చెప్పారు.

"వరదలో నీళ్లు తాగింది మేస్త్రి గారూ" అన్నాడు డ్రైవరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ బండి అక్కడే ఉంది. ఆ వరద తర్వాత ఆటోనగర్‌లో ఏ బండికి ఏ జబ్బు వచ్చినా కారణం బుడమేరే.

డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మాక్సిమం గీత దాటి పైకి ఉంది. ఆయిల్ తగ్గాలి గానీ పెరగడమేమిటి? నీళ్లు కలిస్తే ఆయిల్ పాల కాఫీలా తెల్లబడుతుంది. ఇది నల్లగానే ఉంది, పలచగా ఉంది. ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన. పాత న్యూస్‌పేపరు ముక్క మీద ఒక చుక్క వేసి ఉంచితే మధ్యలో నల్ల మచ్చ, దాని చుట్టూ జిడ్డు వలయం వెడల్పుగా పాకింది. ఆయిల్‌లో డీజిల్ కలుస్తోంది. బుడమేరుకు దీంతో సంబంధం లేదు.

బీఎస్-6 డీజిల్ బండ్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అందులో మసి నిండినప్పుడు ఇంజన్ కాస్త అదనపు డీజిల్ పంపి, పొగ వేడిని ఆరు వందల డిగ్రీల దాకా పెంచి, ఆ మసిని కాల్చేస్తుంది. దానికి బండి కాసేపు ఆగకుండా ఒక మోస్తరు స్పీడులో పోవాలి. హైవే మీద ఇది ఎప్పుడు జరిగిందో డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. వన్‌టౌన్ సందుల్లో కాల్చడం మొదలవుతుంది, రెండు నిమిషాల్లో కొట్టు వస్తుంది, ఇంజన్ ఆపేస్తాడు. మళ్లీ మొదలు, మళ్లీ ఆపు. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్ సంపులోకి దిగుతుంది. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు, టర్బో అరుగుతాయి. తొంభై అయిదు వేలకే ఈ బండి టర్బో షాఫ్ట్‌లో ఆట వచ్చింది, మూడు బండ్లలో దీని ఒక్కదానికే.

ఆయిల్ కూడా తప్పుదే పోశారు. బీఎస్-6కి బూడిద తక్కువ వచ్చే రకం వాడాలి, కంపెనీ పుస్తకంలో గ్రేడు రాసి ఉంటుంది. మసి కాలుతుంది గానీ ఆయిల్ వదిలే బూడిద కాలదు, వడపోతలో అలాగే ఉండిపోతుంది. డీపీఎఫ్ తీసేసి పైపు పెట్టేయమని అడిగేవాళ్లు వారం వారం వస్తారు. మేం చేయం. చట్టవిరుద్ధం, పైగా ఎఫ్‌సీలో (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర) ఇబ్బంది.

మరి కంపెనీకి విలువ లేదా?

ఉంది, కానీ వీళ్లు వెతుకుతున్న చోట లేదు. మూడు బండ్లలో ఒకదాని ఛాసిస్‌ను నీళ్లు తినేశాయి, ఒకదాన్ని లోడు విరగ్గొట్టింది, ఒకదాని ఇంజన్‌ను చిన్న చిన్న ట్రిప్పులు అరగదీశాయి. బండ్లు అటూ ఇటూ మార్చి, చేపల బండిని సిటీలో తిప్పి ఉంటే, అంత గొప్పగా ఉన్న ఇంజన్ ఆయిల్‌లోకి కూడా ఇలాగే డీజిల్ దిగేది. కొడుక్కి ఈ మాట నచ్చలేదు.

నేను కంపెనీని చూసేది స్పేర్ పార్టుల దగ్గర. ఇంజన్ ఎలాంటిదైనా ఆటోనగర్‌లో బోరు చేయించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి మళ్లీ నిలబెట్టగలం. పార్టు దొరకక బండి నిలిచిపోతేనే ఓనరు విసుగెత్తి అమ్మేస్తాడు. సీజన్‌లో పది రోజులు షెడ్డులో ఉన్న బండి ఆ ఏడాది లాభం తినేస్తుంది. అందుకే కొనేముందు షోరూమ్‌కు కాకుండా ఆటోనగర్ స్పేర్ కొట్లకు వెళ్లమంటాను. క్లచ్ ప్లేటు సెట్టు, వీల్ సిలిండర్, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్, సెంటర్ బేరింగ్, వాటర్ పంపు, డీపీఎఫ్ ప్రెషర్ సెన్సర్ అడగండి. మొదటి అయిదూ చాలా బండ్లకు అప్పటికప్పుడు దొరుకుతాయి. ఆరోది ఏ కంపెనీకి ఎన్ని రోజుల్లో వస్తుందో కనుక్కోండి. బీఎస్-6 బండి ఆగేది ఎక్కువసార్లు ఇలాంటి సెన్సర్ కోసమే. రోడ్డు మీద తక్కువ కనిపించే బండికి బయటి కొట్లలో సరుకు తక్కువ ఉండటం సహజం, దాని ఇంజన్ ఎంత మంచిదైనా సరే.

డ్రైవర్ల గురించి ఒక ముక్క. హైవే మీద గంటసేపు లాగి వచ్చి వెంటనే ఆఫ్ చేస్తే టర్బోలో ఆయిల్ మాడుతుంది, నిమిషం రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. ముగ్గురికీ చెప్పాను. చేపల బండి డ్రైవరుకు ముందే తెలుసు.

ఏం చేశారు

చేపల బండిని రిజిస్ట్రేషన్ రద్దు చేయించి స్క్రాప్‌కు ఇచ్చేశారు. ఇంత మంచి ఇంజన్ అని పెద్దాయన చాలా బాధపడ్డారు. సిటీ బండికి టర్బో మార్చి, స్కానర్ పెట్టి నిలబెట్టి డీపీఎఫ్ కాల్పించి, సరైన ఆయిల్ పోసి కైకలూరు రూటులో వేయమన్నాను. దానికి కావాల్సింది రాత్రి హైవే, అది ఆ రూటులో దొరుకుతుంది. సిటీ పనికి చిన్న సీఎన్‌జీ బండి కొన్నారు. డీపీఎఫ్ గొడవ లేదు, కిరాణా సరుకుకు ఆ పేలోడు చాలు. ఏస్‌లో 2022 నుంచి ఎలక్ట్రిక్ కూడా ఉందని చెప్పాను గానీ సింగ్‌నగర్‌లో రాత్రి చార్జింగ్ పెట్టుకునే చోటు వాళ్లకు లేదు.

అసలు గొడవ మిర్చి బండి దగ్గర. ముప్పై ఏడు టిక్కీలే వేయండి అంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "ముప్పై ఏడు టిక్కీలకు డీజిలు, డ్రైవరు బత్తా పోను ఏం మిగులుతుంది మేస్త్రీ?" ఆయన లెక్క తప్పు కాదు. అరవై టిక్కీల పని చేయించుకోవాలంటే అరవై టిక్కీల బండి కొనాలి. రెండు టన్నుల పికప్ కూడా చాలదు. టాటా 407 సైజు దాటి, పేలోడు 2,700 కిలోలకు తగ్గనిది చూడమన్నాను. డ్రైవరు లైసెన్సు సంగతేమిటని అల్లుడు అడిగాడు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా బండి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి ఇప్పుడున్న డ్రైవరే సరిపోతాడు. వచ్చే సీజన్ లోపు తీసుకుంటామన్నారు. అది వచ్చేదాకా పాత మిర్చి బండికి నలభై టిక్కీల దగ్గర బేరం కుదిరింది. యార్డు కాటా చీటీలు నాకు చూపించాలని షరతు పెట్టాను. ఒకటి రెండు నలభై అయిదు దాటినవి ఉన్నాయి, అరవై మాత్రం లేదు.

కైకలూరు రూటుకు మారిన బండికి బాక్సు బిగించేటప్పుడు దగ్గరుండి నీళ్ల పైపును ఛాసిస్ దాటించి కిందికి దింపించాను, ఫ్రేము లోపల యాంటీ రస్ట్ కొట్టించాను. ఆయిల్ లెవెల్ పెరగడం ఆగింది. ఒక్కటే ఇంకా తేలలేదు. దించాక బండి కడగమంటే డ్రైవరు కైకలూరు వెళ్లాక చెరువు గట్టున మోటారు నీళ్లతో కడుగుతున్నాడు, అవీ ఉప్పు నీళ్లే. గుంటూరులోనే మునిసిపల్ కుళాయి దగ్గర కడిగి బయల్దేరమన్నాం. దానికి అరగంట పడుతుంది, తిరుగు కిరాయి పోతుందని అతని గోల. ప్రస్తుతానికి రొయ్య వేసిన రోజుల్లో తప్పనిసరిగా గుంటూరులో కడగాలి, చేప వేసిన రోజుల్లో అతని ఇష్టం అన్న దగ్గర ఆగాం.